మూక అని రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ఫిలిప్పీన్స్ వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. తేదీలు సరిగ్గా ఉన్నాయి, వాక్యం ఎక్కడా తడబడలేదు. కానీ నాలుగో పేజీకి వచ్చేసరికి మనసు చివుక్కుమంది. 2001 జనవరిలో మనీలా ఎడ్సా రోడ్డు మీద చేరినవాళ్లని "జనవాహిని" అన్నావు. మూడు నెలల తర్వాత అదే రోడ్డు మీద, అదే మేరీమాత విగ్రహం దగ్గర చేరినవాళ్లని "అల్లరిమూక" అన్నావు. ఆ మాట ఎందుకు మారిందో మాత్రం చెప్పలేదు. నీకు తెలియకుండానే మారిపోయిందని నా అనుమానం.

తప్పు నీ ఒక్కదానిదే కాదు. ఆ రోజుల్లో మనీలా పెద్దమనుషులు కూడా అలాగే మాట్లాడారు. మనకి "అలగా జనం" అన్న మాట ఉన్నట్టే వాళ్లకి "బాక్యా" ఉంది. బాక్యా అంటే పేదవాళ్లు తొడుక్కునే చెక్క చెప్పులు. ఆ చెప్పుల పేరే మనుషులకి తగిలించారు. "హకోత్" అని ఇంకో మాట ఉంది. మనం "లారీల్లో తోలుకొచ్చారు, చేతిలో బిర్యానీ పొట్లం పెట్టారు" అంటామే, సరిగ్గా అదే. ఈ మాటలు నీ వ్యాసంలో లేకపోవచ్చు, వాటి నీడ మాత్రం ఉంది.

అందుకే మొదటినుంచీ చూడు. 1986 ఫిబ్రవరి 7న అప్పటి అధ్యక్షుడు మార్కోస్ ఎన్నికలు పెట్టాడు. ఫలితాలు కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్న ఉద్యోగులకి తాము ఎక్కించే అంకెలు వేరుగా, బోర్డు మీద కనిపించేవి వేరుగా ఉన్నాయని తెలిసిపోయింది. 9వ తేదీ రాత్రి 30 మందికి పైగా లేచి, బయటికి నడిచి వెళ్లిపోయారు. వాళ్లు నాయకులు కారు, నెల జీతం మీద బతికేవాళ్లు. నువ్వు వాళ్లకి ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు. ట్యాంకుల ముందు జపమాలలతో మోకరిల్లిన నన్‌లకి మాత్రం ఒక పేజీ ఇచ్చావు. ఆ ఫొటో అందరికీ తెలుసు కదా. జనం ఎడ్సాకి ఎందుకు రావాల్సి వచ్చిందో చెప్పేది ఈ ఉద్యోగుల కథే. ఓటు వేశారు, లెక్క తప్పించారు. పార్లమెంటుకి వెళ్తే అది 15వ తేదీన మార్కోసే గెలిచాడని ప్రకటించింది. తట్టడానికి ఇంకో తలుపు మిగల్లేదు. 22న రక్షణ మంత్రి ఎన్రిలే, జనరల్ రామోస్ తిరగబడ్డారు. వాళ్లకి అండగా రమ్మని మనీలా కేథలిక్ మతపెద్ద కార్డినల్ సిన్ రేడియోలో పిలిచాడు. లక్షల మంది వచ్చారు. 25న మార్కోస్ దేశం విడిచి వెళ్లిపోయాడు.

ఇక ఎస్ట్రడా దగ్గరికి రా. నీ వ్యాసం ఇక్కడే తొందరపడింది. అతను సినిమా హీరో, పేదవాళ్ల పక్షాన కొట్లాడే పాత్రలు వేసినవాడు. వాళ్లు "మాసా" అంటారు, మనం "మాస్" అంటాం, అర్థంలో తేడా లేదు. 1998లో కోటీ ఏడు లక్షల ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. మన మట్కా లాంటి "హ్వెతెంగ్" జూదం నుంచి ముడుపులు తీసుకున్నాడని 2000లో ఆరోపణ వచ్చింది, సెనేట్‌లో అభిశంసన విచారణ మొదలైంది. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. వేరే పేరుతో ఉన్న ఒక ఖాతా కాగితాల మీద అధ్యక్షుడు సంతకం చేస్తుండగా తాను ఒక్క అడుగు దూరంలో ఉన్నానని ఒక బ్యాంకు అధికారిణి సాక్ష్యం చెప్పింది. ఆ ఒక్క అడుగునీ నీ వ్యాసంలోకి తీసుకురా, పాఠకుడు కూడా ఆ గదిలో కూర్చుంటాడు. జనవరి 16న బ్యాంకు పత్రాలున్న కవరు విప్పాలా వద్దా అని ఓటు పెట్టారు. వద్దని 11 మంది సెనేటర్లు, విప్పాలని 10 మంది. విచారణ సగంలోనే ఆగిపోయింది. ఆ రాత్రే జనం ఎడ్సాకి బయల్దేరారు. సెల్‌ఫోన్ మెసేజ్‌లే కబురు మోశాయి.

వాళ్ల కోపం న్యాయమైనదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ తర్వాత జరిగింది జాగ్రత్తగా చదువు. 19న సైన్యాధిపతి ఆ జనం మధ్యకి వచ్చి అధ్యక్షుడికి మద్దతు ఉపసంహరించాడు. 20న ప్రధాన న్యాయమూర్తి అదే చోట ఉపాధ్యక్షురాలు అర్రోయో చేత అధ్యక్షురాలిగా ప్రమాణం చేయించాడు. ఎస్ట్రడా రాజీనామా ఉత్తరం రాయనే లేదు. మార్చిలో సుప్రీంకోర్టు అతను రాజీనామా చేసినట్టే లెక్క అని తేల్చింది. అందుకు వాడుకున్న ఆధారాల్లో అతని కార్యనిర్వాహక కార్యదర్శి రాసుకున్న డైరీ ఒకటి. కోటీ ఏడు లక్షల ఓట్లు ఒకవైపు, ఒక డైరీ ఇంకోవైపు. ఆ ఓట్లు వేసినవాళ్ల వైపునుంచి ఇది ఎలా కనిపించి ఉంటుందో ఒక్కసారి ఆలోచించు.

ఏప్రిల్ 25న ఎస్ట్రడాని అరెస్టు చేశారు. దొంగలకి తీసినట్టు తీసిన ఫొటో టీవీల్లో వచ్చింది. తాము ఎన్నుకున్న మనిషిని అలా చూసిన జనం మురికివాడల నుంచి కదిలి ఎడ్సాకి చేరారు. రాత్రులు అక్కడే పడుకున్నారు. వాళ్లు కంపు కొడతారని, నోట్లో పళ్లు లేవని ఊళ్లో సెల్‌ఫోన్లలో మెసేజ్‌లు తిరిగాయి. జనవరిలో జనాన్ని పిలిచిన ఫోన్లే ఏప్రిల్‌లో జనాన్ని వెక్కిరించాయి. మే 1 తెల్లవారుజామున వాళ్లు మలకన్యాంగ్ రాజభవనం మీదికి వెళ్లారు. రాళ్లు పడ్డాయి, వాహనాలు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. అర్రోయో తిరుగుబాటు స్థితి ప్రకటించింది.

రాజభవనం దగ్గర జరిగినదాన్ని మూకస్వామ్యం అనే అంటాను. నువ్వు కూడా అను, జంకకు. కానీ అంతకుముందు అయిదారు రోజులు ఆ విగ్రహం దగ్గర కూర్చున్నది నిరసన. రెండు చోట్లా మనుషులు వాళ్లే, చేసిన పని వేరు. "మూక" అన్న మాట పనికి పెట్టు, మనుషులకి పెట్టకు. పెట్టాక అదే తూనిక జనవరికి కూడా పట్టు. జనవరిలో అంత హింస జరగలేదు, నిజమే. కానీ సగంలో ఆగిన విచారణని చివరికి తేల్చింది ఓటా, కోర్టా, లేక సైన్యం ఎటు మొగ్గిందన్నదా? నా మటుకు నాకు సైన్యమే తేల్చిందనిపిస్తుంది. 2003 జులైలో సుమారు 300 మంది సైనికులు ప్రభుత్వం మీద తిరగబడి, మనీలా పక్కనున్న మకాటిలో ఒక హోటల్‌ని పట్టుకుని జనం తమ వెనక వస్తారని ఎదురుచూశారు. జనం రాలేదు. ఆ ఆశ వాళ్లకి ఎడ్సా నుంచే వచ్చిందని నేననుకుంటాను.

ఎన్రిలేని వదిలిపెట్టకు. మార్కోస్ సైనిక పాలనలో రక్షణ మంత్రి, 1986లో ఎడ్సా వీరుడు, 2001 జనవరిలో కవరు విప్పొద్దన్న 11 మందిలో ఒకడు, ఏప్రిల్‌లో పేదల సభలో వక్త, మేలో అరెస్టయిన నాయకుడు. ఈ ఒక్క మనిషి వెంట నడిస్తే చాలు, వేదిక మీద ఉన్నవాళ్లూ కింద ఉన్నవాళ్లూ ఒకటి కాదని నీ పాఠకుడికి నువ్వు చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

నా సంగతి ఒకటి చెప్తాను. విలేకరిగా చేరిన కొత్తలో ఒక ధర్నా వార్త రాశాను. ఆఫీసు మేడ మీది కిటికీలోంచి చూసి "గుంపు" అని రాసి పంపించేశాను. సాయంత్రం కిందికి దిగితే నాలుక పిడచగట్టుకుపోయింది. ధర్నాలో కూర్చున్న ఒకావిడ తన సీసాలోంచి నీళ్లు ఇచ్చింది. "మా గురించి ఏం రాశావు బాబూ?" అని అడిగింది. నోరు పెగల్లేదు. ఇప్పటికీ జనం గురించి రాసేటప్పుడు ఆవిడకి చదివి వినిపించగలనా అని చూసుకుంటాను. నువ్వు మనీలా వెళ్లలేవు, పర్లేదు. ఆ విగ్రహం కింద పడుకున్న ఒక చాకలామె, ఒక రిక్షా తొక్కే మనిషి నీ ఎదురుగా కూర్చున్నారనుకుని నాలుగో పేజీ పైకి చదువు.

ఇంకొక్కటి. మెండియోలా వీధిని నువ్వు వదిలేశావు. 1987 జనవరి 22న, ఎడ్సా గెలిచి ఏడాది తిరక్కముందే, భూమి అడుగుతూ రాజభవనం వైపు నడిచిన రైతుల మీద అక్కడ కాల్పులు జరిగాయి. 13 మంది పోయారు. అప్పుడు అధ్యక్షురాలు, 1986లో మార్కోస్ మీద పోటీ చేసిన, ఎడ్సా కుర్చీలో కూర్చోబెట్టిన కొరజాన్ అకినోనే. ఆ రైతులని ఏ మాటతో పిలుస్తావో ఆలోచించుకో. నాలుగో పేజీని వాళ్లతో మొదలుపెట్టి తిరగరాసి పంపు. వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటాను, వీలైతే కాగితాలు పట్టుకుని నువ్వే రా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు