పచ్చ టిక్కు చూసి నమ్మేయకు

చిట్టితల్లీ,

మీ కంపెనీలో కోడ్‌ని ప్రోగ్రామ్‌గా తయారుచేసే బిల్డ్ పైప్‌లైన్ మొత్తం నీ చేతికిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషపడ్డానో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వెర్షన్లు లాక్ చెయ్యి, పాస్‌వర్డులు ఫైల్లో రాయకు. ఇవి నీకు తెలిసినవే.

మా రోజుల్లో ఒక స్క్రిప్ట్ టేబుల్ చదివి, డేటా ఏ ఆకారంలో ఉంటుందో మిగతా ఫైళ్లకు చెప్పే హెడర్ ఫైల్ తయారుచేసేది. సీ భాష ఫైళ్లకు ఆ హెడర్ కావాలని, దేనికి ఏది కావాలో చెప్పే మేక్‌ఫైల్లో నేను రాయలేదు. ఒకదాని తర్వాత ఒకటి నడిచినన్నాళ్లూ హెడర్ వంతు ముందొచ్చేది కాబట్టి బయటపడలేదు. కొత్త మెషీన్ రాగానే నాలుగు పనులు ఒకేసారి నడిచేలా మైనస్ జే 4 పెట్టాను. బిల్డ్ టైమ్ సగానికి పైగా తగ్గింది. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను.

క్లీన్ చేస్తే కంపైల్‌లో తయారైన ఆబ్జెక్ట్ ఫైళ్లు పోయేవి గానీ పాత హెడర్ అక్కడే ఉండేది. ఒకరోజు టేబుల్లో ఒక ఫీల్డు చేరింది. స్క్రిప్ట్ కొత్త హెడర్ రాసేలోపే రెండు ఫైళ్లు పాతదానితో కంపైల్ అయిపోయాయి. ఎర్రర్ లేదు, బిల్డ్ పాస్. ఆ ఫీల్డులన్నీ కలిపిన స్ట్రక్చర్ ఒక ఫైల్ లెక్కలో 48 బైట్లు, ఇంకో ఫైల్ లెక్కలో 52. కస్టమర్ బిల్లుల్లో అంకెలు చెదిరిపోయాయి. క్లీన్ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే తప్పు మాయం. మూడు రాత్రులు వెతికాం. ఫీల్డు చేర్చిన కుర్రాణ్ణి అందరి ముందూ తిట్టాను. తీరా చూస్తే నేను రాయని ఒక్క లైను. క్షమించమని అడిగాను, సరేనన్నాడు. తల వంచుకుని నిలబడ్డ ఆ అబ్బాయి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాడు.

సీ కంపైలర్ జీసీసీకి మైనస్ ఎంఎండీ ఇస్తే చదివిన హెడర్ల జాబితా అదే రాసిపెడుతుంది. కానీ కంపైల్ అయ్యాకే కదా రాసేది? బిల్డ్‌లో పుట్టే హెడర్ సంగతి నువ్వే చెప్పాలి. బిల్డులు తనే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో, ఏ జాబ్ తర్వాత ఏదో చెప్పే 'నీడ్స్' రాయకపోతే జాబ్‌లన్నీ ఒకేసారి మొదలవుతాయి. రాసినా కుదిరేది వరుసే. ముందు జాబ్‌లో తయారైన ఫైల్ తనంతట తాను రాదు, ఆర్టిఫాక్ట్‌గా దాచి తర్వాతి జాబ్‌కి పంపాలి.

ముప్ఫై సెకన్లు ఆగమనే స్లీప్ 30 పెట్టి గండం గట్టెక్కుదామనుకుంటే ఊరుకోను. కాలేజీ ప్రాజెక్టులో పెట్టావు, గుర్తుంది నాకు. ఫెయిలైన బిల్డ్ రీ-రన్ నొక్కగానే పాసై పచ్చ టిక్కు వస్తే అసలు వదలకు, ఫెయిలైనప్పుడు ఏం జరిగిందో రాసి ఉండే లాగ్ ఫైలే ముందు చదువు. ఎవరినైనా ఒక మాట అనేముందు కూడా చదువు. అర్ధరాత్రి బిల్డ్ ఫెయిలైతే టెన్షన్ పడకుండా నాకు ఫోన్ చెయ్యి. మెలకువగానే ఉంటాను. అన్నం మాత్రం మానకు.

ఆదివారం జాబ్‌లన్నీ రాసిన నీ యామల్ ఫైల్ పట్టుకురా. అత్తయ్య గుత్తొంకాయ చేస్తానంది. తిన్నాక ఏ జాబ్‌కి ఏది కావాలో కాగితం మీద బాణాలు గీసి చూద్దాం.

నీ మామయ్య