డ్రైవర్ లేని కార్లు: అంబాజీపేట నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: కొబ్బరికాయల లారీ నడుపుతాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. డ్రైవర్ లేకుండా నడిచే కార్ల మీద పనిచేస్తానంటోంది. వాటిని రానివ్వబోమని మంత్రిగారే అన్నారు కదా? వస్తే మాలాంటివాళ్ల పొట్ట కొట్టడమే కదండీ?

జవాబు: మీ భయం ఉత్తిది కాదండీ. కేంద్రమంత్రి గడ్కరీ గారు 2017లోనూ, 2023లోనూ వద్దన్నది డ్రైవర్ల ఉపాధి పోతుందనే. అమెరికాలో ప్యూ అనే పరిశోధన సంస్థ 2022లో బయటపెట్టిన సర్వేలో ఈ కార్లు సమాజానికి చేటు అన్నవాళ్లు 44 శాతం, మేలు అన్నవాళ్లు 26 శాతమే. మామూలు కార్లకంటే గట్టిగా పరీక్షించాలన్నవాళ్లు మాత్రం 87 శాతం.

జనం ఊరికే అడగలేదు. 2018లో అరిజోనాలో ఊబర్ పరీక్షిస్తున్న కారు, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను గుద్ది చంపేసింది. సెన్సర్లు ఆమెను ముందే పట్టుకున్నాయి. అది బండా, సైకిలా, ఇంకేదైనానా అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేకపోయింది.

ఇప్పుడు మన రోడ్డు తలచుకోండి. కోతల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఒక పక్క కాలవ, ఎదురుగా కొబ్బరి డొక్కల ట్రాక్టరు, మధ్యలో గేదెలు. ఏ చక్రం మార్జిన్‌లోకి దించాలో మీకు చూడగానే తెలుస్తుంది. యంత్రానికి అది తెలుసో లేదో ఎవరో ఒకరు పరీక్షించి చెప్పాలి. మీ అమ్మాయికి నేను చూపించే ఉద్యోగం అదే, భద్రతా పరీక్షలు. మీ అమ్మాయి మానేసినంత మాత్రాన ఆ కార్ల పని ఆగదు. కాలవగట్టు రోడ్డు ఎన్నడూ చూడనివాళ్లు ఆ పరీక్షలు తయారుచేస్తారు, అంతే.

ఇక మంత్రిగారి మాట. పూర్తిగా డ్రైవర్ లేని కారు ఇక్కడికి వస్తుందన్న లెక్క మీద చదువు ఎంచుకోవద్దు. కానీ దానంతట అదే బ్రేకు వేసే కార్లు, లైను తప్పితే సరిచేసే కార్లు మన షోరూముల్లో ఇప్పటికే అమ్ముతున్నారు. వాటికీ ఈ పరీక్షలే కావాలి. ఈఏపీసెట్‌లో ఈసీఈ, సీఎస్ఈ, మెకానికల్ ఏదైనా పర్వాలేదు, లెక్కలు మాత్రం వదలకూడదు. బీటెక్ అయ్యాక పుణెలో బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ, కందిలో ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో డ్రైవర్ లేని బండ్ల కోసం ఉన్న టిహాన్ పరీక్షా కేంద్రం చేసే పనులు గమనిస్తూ ఉండమనండి.

ఈలోగా సెలవుల్లో ఒకరోజు పిల్లను మీ లారీలో ఎక్కించుకోండి. మీరు ఎక్కడ ఎందుకు స్లో చేశారో ప్రతిదీ నోట్‌బుక్‌లో రాసుకోమనండి.