చావు వీడియో చూసి నా కొడుకు నవ్వాడు

"అక్కా, మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరొంచ దగ్గర ఒక ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నది ఒడ్డున మూడెకరాల మిర్చి ఉంది. నా కొడుకు తొమ్మిదో తరగతి. పోయిన వారం అన్నం తింటూ ఫోన్ చూపించాడు. ఉక్రెయిన్‌దట, డ్రోన్ పైనుంచి తీసిన వీడియో. గుంతలో ఒక సిపాయి పైకి చూస్తున్నాడు. 'ఇప్పుడు చూడు మమ్మీ, వీడు పోతడు' అని నవ్వాడు. వెనకాల పాట కూడా వస్తోంది. నా చేయి ఆగలేదు, కొట్టాను. ఫోన్ లాక్కొని బియ్యం డబ్బాలో దాచాను. ఐదు రోజులైంది, నాతో మాట్లాడడం లేదు. వాళ్ల బాపు రోజూ ఏడు నుంచి పది దాకా టీవీలో యుద్ధం చర్చలు చూస్తాడు. 'మగపిల్లలు అట్లనే ఉంటరు, రేపు పోలీసుల చేరేటోడు రక్తం చూసి భయపడతడా' అంటున్నాడు. మా అత్తమ్మ మాత్రం టీవీలో తుపాకీ చప్పుడు వస్తే లేచి పెరట్లోకి పోతుంది. నిజం చెప్పాలంటే గాజా పిల్లలను చూసి మొదట్లో నేనూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏమీ అనిపించదు, ఛానెల్ మారుస్తాను. నా కొడుకు మనసు బండబారిపోయిందా?"

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ కొడుకు కోసం. రెండోసారి నువ్వు చివర్లో, పోయేముందు గడప దగ్గర నిలబడి చెప్పినట్టు చెప్పిన ఆ గాజా మాట కోసం. నాకు అదే అసలు ఉత్తరంలా అనిపించింది.

మిర్చి ఏరే దానివి కాబట్టి నీకు తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. మొదటి రోజు ఏరినప్పుడు చేతులు ఎంత మండుతాయి! రాత్రి నిద్ర పట్టదు. కొబ్బరినూనె రాసినా, మజ్జిగలో ముంచినా ఆ మంట పోదు. వారం పదిరోజులు గడిస్తే మంట అన్న మాటే ఉండదు, మామూలుగా ఏరుకుంటూ ముచ్చట్లు చెప్పుకుంటారు. అట్లాంటి ఒక సాయంత్రం ఇంటికొచ్చి, ఏడుస్తున్న పసిపిల్ల కళ్లు తుడుస్తావు. పిల్ల కెవ్వుమంటుంది. కారం ఎక్కడికీ పోలేదు, నీ చేతుల మీదే ఉంది. నీకు తెలియడం ఒక్కటే ఆగిపోయింది.

మనసు కూడా ఇదే పని చేస్తుంది. ఇందులో పాపం లేదు, మన శరీరం తయారైన తీరే అంత. రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1962లో హిరోషిమా వెళ్లి, అణుబాంబు నుంచి బతికి బయటపడ్డవాళ్లతో కూర్చొని మాట్లాడాడు. చుట్టూ మనుషులు చచ్చిపోతున్నారని తెలుస్తూనే ఉంది, కాసేపటికి ఏమీ అనిపించడం మానేసింది అని వాళ్లు చెప్పారు. అన్నీ అనిపిస్తే ఆ రోజు గడవదు కాబట్టి మనసు తనంతట తానే తలుపు వేసుకుంది. నిప్పుల మధ్య ఉన్నవాళ్లకు అది ప్రాణం నిలిపిన తలుపు. మనకేం వచ్చింది? సోఫాలో కూర్చొని, పప్పన్నం కలుపుకుంటూ అదే తలుపు వేసుకుంటున్నాం.

నన్ను కూడా కలుపుకొనే చెప్తున్నాను. 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, ఒక రాత్రి రెండింటి దాకా టీవీ ముందు కూర్చున్నాను. కరాచీ రేవు ధ్వంసమైందని యాంకర్లు గొంతు చించుకుంటున్నారు. వెనకాల సైరన్. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు లోపల ఎక్కడో మజా వచ్చింది. రేవు ధ్వంసమైతే అందులో మూటలు మోసే కూలీలు ఏమవుతారన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. తెల్లారాక అది అబద్ధమని తేలింది. ఆ పొద్దున్నే ఇక్కడ బల్లార్షాలో మా ఇంటికి ఒక కోడలు పిల్ల వచ్చి, భర్త కొట్టిన చేయి చూపించింది. వాపు చూశాను, 'ఊఁ' అన్నాను, నా కళ్లు మళ్లీ ఫోన్ మీదికి పోయాయి. ఆ పిల్ల టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయింది. పసిపిల్ల కంట్లో కారం పెట్టడం అంటే ఇదే చెల్లీ.

ఇప్పుడు మీవాడి సంగతి. అసలు వాడు ఆ వీడియో నీకెందుకు చూపించాడు? ఏమీ అనిపించని పిల్లవాడు ఒక్కడే చూసుకొని వేలితో పైకి తోసేస్తాడు. వీడు దాన్ని అమ్మ పళ్లెం దగ్గరికి తెచ్చాడు. ఆ ఈడు మగపిల్లలకు భయం వేసినా నవ్వే, ఏడుపు వచ్చినా నవ్వే. మోయలేనిది ఏదో తెచ్చి నీ చేతిలో పెట్టాడేమోనని నాకు గట్టిగా అనిపిస్తోంది. నువ్వు కొట్టావు. కొట్టినందుకు నిన్ను నిలబెట్టి అడగను, నీ స్థానంలో నేనున్నా చేయి లేచేదే. కానీ ఆ దెబ్బతో 'ఇట్లాంటివి అమ్మకు చూపించొద్దు' అన్న ఒక్క పాఠమే వాడికి ఎక్కి ఉంటుంది.

ఈ రాత్రే వాడి పక్కన కూర్చో. 'కొట్టడం నాది తప్పు. కోపం మాత్రం తప్పు కాదు. ఆ మనిషిని చూస్తే నాకు కడుపులో తిప్పింది' అను. అంతకంటే పొడుగ్గా వద్దు. వాడు మాట్లాడకపోతే ఊరుకో.

మాట కలిశాక వాడిని ఒకటి అడుగు: 'ఆ వీడియోలో కెమెరా ఎక్కడుంది రా?' సమాధానం వాడికి తెలుసు, డ్రోన్‌లో ఉంది. అంటే చంపేదానికే కన్ను ఉంది, మనం ఆ కంటితోనే చూస్తున్నాం. వియత్నాం యుద్ధంలో, 1972 జూన్ 8న ట్రాంగ్ బాంగ్ అనే ఊళ్లో నాపామ్ బాంబు పడి, ఒళ్లు కాలిపోయిన తొమ్మిదేళ్ల పిల్ల బట్టలు లేకుండా రోడ్డు మీద పరుగెత్తుకొచ్చిన ఫోటో ఉంది. లోకమంతా చూసింది. ఆ పిల్ల పేరు కిమ్ ఫుక్, బతికి పెద్దదై కెనడాలో ఉంటోంది. ఆ ఫోటోలో పిల్ల కెమెరా వైపు, అంటే మన వైపు, పరుగెత్తి వస్తుంది. ఎత్తుకోవాలనిపిస్తుంది. 1991 గల్ఫ్ యుద్ధం వచ్చేసరికి కెమెరా బాంబు ముక్కుకు ఎక్కింది. ఒక కట్టడం, దాని మీద గుర్తు, ఒక మెరుపు, అంతే. మనిషన్నవాడు కనబడడు. ఇప్పుడు డ్రోన్‌లో మనిషి మళ్లీ కనబడుతున్నాడు, కానీ పైనుంచి, చీమలాగా. దానికి పాట తోడు. మీవాడు 'వీడు' అన్నాడంటే ఆ మాట వాడి నోటికి అందించింది ఆ కెమెరానే. ఇది తిట్టినట్టు కాకుండా, క్రికెట్‌లో రీప్లే గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడు. పిల్లలకు ఇట్లాంటివి పెద్దల కంటే తొందరగా అర్థమవుతాయి.

ఇంకో దారి కూడా ఉంది. ఆ 2025 మే నెలలోనే వీడియో గేమ్ ముక్కలను నిజమైన దాడులని చెప్పి తిప్పారు. ఆర్మా 3 అనే గేమ్ దృశ్యాలను ఇట్లా యుద్ధం వార్తలుగా వాడుతున్నారని దాన్ని తయారుచేసిన కంపెనీయే 2022లో చెప్పుకోవాల్సి వచ్చింది. మీవాడికి ఆ గేమ్ పేరు తెలిసే ఉంటుంది. ఏది నిజం, ఏది గేమ్, ఏది పాత వీడియో పట్టుకునే పని వాడికి అప్పగించు. వాళ్ల బాపు చూసే ఛానెల్‌లో కూడా పట్టుకోమను. (గొడవైతే నా పేరు చెప్పు.)

'హంతకుడు అవుతాడా' అన్న భయం మాత్రం పెట్టుకోకు. 2007లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో, హింస ఉన్న వీడియో గేమ్ 20 నిమిషాలు ఆడినవాళ్లకు ఆ వెంటనే నిజమైన కొట్లాటల వీడియో చూపిస్తే, మామూలు గేమ్ ఆడినవాళ్ల కంటే గుండె వేగం తక్కువగా ఉంది. 20 నిమిషాలకే మనసు కొంచెం మొద్దుబారింది. కానీ గేములు ఆడినవాళ్లు నిజంగా నేరాలకు దిగుతారని చెప్పడానికి తగిన ఆధారం లేదని అమెరికా సైకాలజిస్టుల సంఘమే 2020లో ప్రకటించింది. మొద్దుబారడం వేరు, క్రూరత్వం వేరు. మొద్దుబారిన మనసుకు స్పర్శ తిరిగి వస్తుంది. మిర్చి పని అయిపోయిన నెలకు నీ చేతులకు మళ్లీ మంట తెలియడం లేదా?

నీ విషయానికి వస్తే, ఛానెల్ మార్చినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. ఒక్క పిల్లను చూస్తే కరిగిన మనసు, వేల లెక్క చెప్తే కరగదు. పాల్ స్లోవిక్ అనే సైకాలజిస్టు ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశాడు. పైగా చూసినదానికి చేతులతో చేయగలిగింది ఏమీ లేనప్పుడు మనసు అలిసిపోతుంది. ఎక్కువ చూస్తే జాలి ఎక్కువవుతుందనుకుంటాం, ఎక్కువయ్యేది టెన్షన్. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక, ఆ వారం రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలే చూసినవాళ్లకు, అక్కడ స్వయంగా ఉన్నవాళ్ల కంటే ఒత్తిడి లక్షణాలు ఎక్కువ కనిపించాయి. ఇంట్లో కూర్చొని! రోజుకు ఒక్కసారి వార్తలు చదువు చాలు. చూడకు, చదువు. చదివేటప్పుడు మనిషికి పేరుంటుంది, పాట ఉండదు.

ఇక మీ ఆయన. పోలీసులో చేరేవాడికి రక్తం చూసినా ఏమీ అనిపించకూడదని ఆయనకు ఎవరు చెప్పారు? 2019 మే 1న మీ జిల్లాలోనే జాంభుళ్‌ఖేడా దగ్గర నక్సలైట్లు పెట్టిన మందుపాతర పేలి 15 మంది పోలీసులు, వాళ్ల బండి డ్రైవర్ చనిపోయారు. ఆ వీడియోకు ఎవడో పాట పెట్టి పంపితే, ఆ ఇళ్లలో అన్నం దగ్గర కూర్చున్నవాళ్లకు ఎట్లా ఉంటుందో ఆయన్నే అడుగు. ఎదురుగా నిలబడి కాదు, పక్కన కూర్చొని. టీవీ పూర్తిగా ఆపమంటే ఆపడు, మగవాళ్ల రిమోట్ సంగతి మనకు తెలియనిదా. అన్నం తినే అరగంట ఆపమను. బేరం అక్కడ మొదలుపెట్టు.

మీ అత్తమ్మ పెరట్లోకి ఎందుకు పోతుందో నాకు తెలియదు, నువ్వూ రాయలేదు. మీ తాలూకాలో ఆ వయసువాళ్లు చాలామంది అటు నక్సలైట్లు, ఇటు పోలీసులు, రెండు వైపుల తుపాకుల మధ్య సంసారాలు ఈదారు. ఆ ఇంట్లో తుపాకీ చప్పుడును తుపాకీ చప్పుడుగా వింటున్నది ఆమె ఒక్కతే కావచ్చు. మనవడిని ఆమె వెనకాలే ఒక చెంబు నీళ్లతో పంపు. ఆమె చెప్తే వింటాడు, చెప్పకపోతే ఊరికే కూర్చుంటాడు. గుచ్చి గుచ్చి అడగొద్దని మాత్రం ముందే చెప్పు, మానిన గాయం రేగుతుంది.

2022 జులై వరదల్లో గోదావరి, ప్రాణహిత కలిసి మీ తాలూకా ఊళ్లను ముంచినప్పుడు వీడికి పదకొండో పన్నెండో ఏళ్లు ఉంటాయి. ఆ రోజుల్లో ఏం మోశాడో, ఎవరి మేకను పట్టుకున్నాడో, ఎవరింట్లో పడుకున్నాడో ఎప్పుడైనా మాటల్లోకి లాగు. ఆ పిల్లవాడే వీడు. చేతికి పని దొరికిన చోట ఆ ఈడు పిల్లలు మొద్దుబారడం నేను పెద్దగా చూడలేదు.

నిద్రపోకుండా రాత్రంతా అవే వెతుక్కుంటున్నా, కుక్కనో పిల్లినో హింసించి సంబరపడుతున్నా, 'చచ్చిపోతే ఏమవుతుంది' లాంటి మాటలు వస్తున్నా మాత్రం ఇంటి చిట్కాలతో కాలం గడపకు. మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ సాయం ఉంది, టెలీ మానస్, నంబర్ 14416. డబ్బులు పడవు, రాత్రి పగలు పలుకుతారు, మరాఠీలోనూ తెలుగులోనూ మాట్లాడవచ్చు. నీ ఉత్తరంలో నాకు అలాంటి గుర్తులేవీ కనబడలేదు.

ఫోన్ తీసి ఇచ్చేయి. రాత్రి తొమ్మిది తర్వాత అది వంటింటి గూట్లో ఉండాలని వాడితో ఒప్పందం చేసుకో, నీ ఫోన్ కూడా దాని పక్కనే పెడితేనే వాడు ఒప్పుకుంటాడు. బియ్యం డబ్బాలో ఇంకో వారం ఉంచితే ఛార్జింగ్ పెట్టే చోట తవుడు చేరుతుంది, మళ్లీ సిరొంచ దాకా రిపేరు ఖర్చు.