కుట్టు మిషన్ పోస్టర్ పాతదా, రీప్రింటా?

ప్రశ్న: మా నాయనమ్మ సింగర్ మిషన్ మీదే కుట్టేది అండి, ఆ ఇష్టంతో పెద్ద ఎర్ర ఎస్ అక్షరం, దాని మధ్య మిషన్ కుడుతున్న అమ్మాయి ఉన్న పోస్టర్ ఒకటి కొన్నాను. 1890ల నాటిదన్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? లామినేషన్ చేయించనా?

జవాబు: లామినేషన్ మాత్రం అస్సలు వద్దండి, ఒకసారి అతుక్కుంటే ఇక ఊడదు, విలువ మొత్తం పోతుంది. ముందు ఒక భూతద్దం తీసుకుని అమ్మాయి ముఖం దగ్గర చూడండి, అప్పట్లో ఒక్కో రంగుకి ఒక్కో రాయి మీద బొమ్మ గీసి అచ్చేసేవాళ్ళు కాబట్టి చుక్కలు చేత్తో పెట్టినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి, అలా కాకుండా చిన్న చిన్న పువ్వుల్లా ఒకే వరసలో ఉంటే అది ఈమధ్య ఆఫ్‌సెట్‌లో వేసిన రీప్రింటే. పేపర్ కావాలని టీలో ముంచి పాతగా చేస్తారు, రంగు చూసి నమ్మకండి.

పోస్టర్లు ఖరీదు అనిపిస్తే ట్రేడ్ కార్డులతో, అంటే అప్పట్లో కంపెనీలు ప్రచారానికి పంచిన చిన్న బొమ్మల కార్డులతో మొదలుపెట్టండి, 1893 చికాగో ఎగ్జిబిషన్‌కి సింగర్ వాళ్ళు దేశదేశాల వేషాలతో పంచిన కార్డుల్లో మన ఇండియా కార్డు కూడా ఉంది, నాకైతే పోస్టర్ కన్నా అవే ముద్దు. ఎండ తగలని గోడకి పెట్టండి, సెల్లోటేప్ వేయకండి.