ఊహకూ ఒక లెక్కుంది

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. జియాలజీ, గణితం ఆమె సబ్జెక్టులు. అణు వ్యర్థాలను పాతిపెట్టే చోట ప్రమాదం ఎంతో నిపుణుల అంచనాలతో లెక్కగట్టే రంగంలోకి వెళ్తానంటోంది. పదివేల ఏళ్ల తర్వాతి సంగతి ఎవరికి తెలుసు? ఊహలకు కూడా ఒక చదువా? ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్‌లో చేర్పిస్తే మేలేమో చెప్పండి.
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఒక చిన్న పని చేయండి. ఫోను చూడకుండా, నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు ఇన్ని మీటర్లకు తగ్గదు, ఇన్నింటికి మించదు అని రెండు అంకెలు రాయండి. అసలు ఎత్తు ఆ రెండింటి మధ్య ఉంటుందని మీకు తొంభై శాతం నమ్మకం ఉండాలి. కాగితం పక్కన పెట్టుకోండి.

మీ అనుమానం సహజమే. అణు వ్యర్థాల్లో ఉండే ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే 24,000 ఏళ్లు పడుతుంది. అంతకాలం కూర్చుని ఎవరూ చూడలేరు. రాతి పగుళ్లలో నీరు ఎలా కదులుతుందో, వ్యర్థాలు నింపిన డబ్బా ఎంత వేగంగా తుప్పు పడుతుందో కొలవగలిగినంత కొలుస్తారు. కొలత అందని చోట నిపుణులను అడుగుతారు. ఆ అడగడంలోనే ఉంది విద్యంతా. అమెరికాలో యక్కా పర్వతం కింద వ్యర్థాలు పెట్టాలనుకున్నప్పుడు, 1990లలో పదిమంది అగ్నిపర్వత నిపుణులను పిలిచారు. ‘ప్రమాదం ఉందా?’ అని అడిగి ఊరుకోలేదు. శిలాద్రవం ఆ చోటికి చొచ్చుకొచ్చే అవకాశం ఏడాదికి ఎంత, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత, ఎందుకు అని ఒక్కొక్కరి చేత విడివిడిగా చెప్పించారు. సగటున పది కోట్లలో ఒకటిన్నర వంతని తేలింది. ఆ సగటు కన్నా, పదిమందికీ ఎక్కడ కుదరలేదో రాసిపెట్టడమే నాకు విలువైన పనిగా కనిపిస్తుంది. (వ్యర్థాలను పాతిపెట్టే ఆ నిక్షేపం నేటికీ పూర్తి కాలేదు. అది రాజకీయాల కథ.)

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో పనిచేసిన గణితవేత్త రోజర్ కుక్ పద్ధతి ఇంకా కఠినం. అడిగేవారికి జవాబు తెలిసిన ప్రశ్నలు, మీ డ్యామ్ లెక్కలాంటివి, ముందుగా వేస్తారు. ఎవరి హద్దుల మధ్య అసలు జవాబు వారి నమ్మకానికి తగినన్నిసార్లు పడుతుందో, ఎవరి హద్దులు ఇరుగ్గా ఉంటాయో, వారి మాటకే బరువు. పదవికి, తలపండిన అనుభవానికి విడిగా మార్కులుండవు. మన ఆఫీసుల్లో ఇది ఎంతమందికి మింగుడు పడుతుందో మరి!

ఇక మీ అసలు ప్రశ్న. నా ఓటు జియాలజీకి, లేదా జియోఫిజిక్స్‌కు. అమెరికాలోని న్యూ మెక్సికోలో భూమికి 650 మీటర్ల లోతున, ఉప్పు పొరల్లో అణు వ్యర్థాల నిక్షేపం ఒకటి ఉంది. పదివేల ఏళ్ల తర్వాతి మనుషులను ఏ గుర్తులతో హెచ్చరించాలో కూడా నిపుణులు అక్కడ తలలు పట్టుకుని ఆలోచించారు. 1999లో తెరిచారు. 2014లో ఒక పీపా పగిలి రేడియోధార్మికత బయటికి వచ్చింది. పీపాలోని తడిని పీల్చడానికి ఖనిజపు పొడికి బదులు, పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం వాడే గోధుమ పొడి కలిపారు. అది నైట్రేట్ లవణాలతో చేరి వేడెక్కింది. పదార్థం గుణం తెలియనివారి చేతిలో సంభావ్యత సూత్రాలు ఎన్ని ఉండి ఏం లాభం?

పైగా నిపుణులను ప్రశ్నించే ఉద్యోగం కొత్తగా చదువు ముగించినవారికి ఎవరూ ఇవ్వరు. మన దేశంలో తీవ్ర రేడియోధార్మిక వ్యర్థాలను గాజులో బంధించి నిల్వ చేస్తున్నారు. లోతైన శాశ్వత నిక్షేపం ఇంకా లేదు కాబట్టి ఆ పేరుతో ఉద్యోగాలు వెతికితే నిరాశే. బేగంపేటలోని అణు ఖనిజాల డైరెక్టరేట్‌లో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శిక్షణ పాఠశాల ఒకటి ఉంది. జియాలజీ, జియోఫిజిక్స్ పీజీలకు అటు దారి ఉంది, స్టాటిస్టిక్స్ పీజీకి సాధారణంగా లేదు. అరవై శాతం మార్కులు తప్పనిసరి. పరిశోధన వైపు మనసుంటే ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉండనే ఉంది. స్టాటిస్టిక్స్‌ను పక్కనే ఉంచుకుని చదవమనండి, వదలొద్దు. రేపు ఆనకట్టల భద్రత, భూకంప ప్రమాదం వంటి వాటికి మారినా అదే అక్కరకొస్తుంది.

డ్యామ్ ఎత్తు సుమారు 124 మీటర్లు. మీ రెండు అంకెల మధ్య పడిందా? పడకపోతే, అమ్మాయి చేత కూడా రాయించి చూడండి.