రంగు నమ్మకు, ముళ్ళు లెక్కపెట్టు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. వలలో పడింది తిలాపియానా, కేరళవాళ్ళ కరిమీనా అని అడిగావు. అందులో రంగు తప్ప నాకేమీ కనబడలేదురా. రంగు చూసి మాత్రం ఎప్పుడూ తేల్చకు. బెదిరితే ఒక రంగు, గుడ్లు పెట్టే రోజుల్లో ఒక రంగు, చచ్చాక ఇంకో రంగు.

ముందు ముక్కు చూడు. బొచ్చెకి, శీలావతికి ఒక్కో పక్క రెండేసి రంధ్రాలుంటాయి. తిలాపియా, కరిమీను రెండూ చేరే సిక్లిడ్ కుటుంబపు చేపలకి ఒక్కొక్కటే. ఆ తర్వాత చేతులు తడుపుకుని చేపని పట్టుకో, పొట్ట కింద, మలద్వారం వెనకున్న రెక్కని మెల్లగా విప్పు. గట్టి ముళ్ళు మూడే ఉంటే తిలాపియా. పన్నెండు, పదమూడు వస్తే కరిమీను. దాని చాలా పొలుసుల మీద ముత్యంలాంటి చుక్క మెరుస్తుంది, ఒంటి మీద అడ్డపట్టీలుంటాయి. అది మన దేశపు చేపే. ముళ్ళు గుచ్చుకుంటాయి, వేలిని తలవైపు నుంచి తోకవైపుకే నిమురు.

తిలాపియా అని తేలితే అసలు పని అప్పుడే మొదలవుతుంది. మొసాంబికా రకం 1952లో మన దేశానికి వచ్చింది. నైలు రకం ఆ తర్వాత వచ్చింది, గిఫ్ట్ అంటున్నది దాన్ని మెరుగుపరిచిందే. తోకని నీళ్ళలో విసనకర్రలా విప్పి వెలుతురుకి పట్టు. మొదటి నుంచి చివరిదాకా పైనుంచి కిందికి సన్నటి చారలు వరుసగా కనబడితే నైలు. మొసాంబికాకి అలాంటి వరుస ఉండదు. గుడ్లు పెట్టే కాలంలో దాని మగది ఒళ్ళంతా నల్లబడి, గొంతు కింద తెల్లగా అవుతుంది, రెక్కల అంచులు ఎర్రబడతాయి, మూతి పెద్దదవుతుంది. వెన్ను రెక్క వెనకభాగంలో నల్లచుక్క చూసి మాత్రం మోసపోకు, అది రెండింటి పిల్లల్లోనూ ఉంటుంది. వేలెడు పిల్లల్లో తోక చారలు కూడా సరిగా తేలవు.

నేనెందుకింత చెబుతున్నానంటే, ఒకసారి నైలు పిల్లలని చెప్పి నాకు అమ్మితే రంగు చూసి నమ్మేశాను. తీరా చూస్తే అవి మొసాంబికా, రెండు మూడు నెలలకే పిల్లలు పెట్టడం మొదలుపెట్టాయి. చెరువంతా అరచేతిలో సగం కూడా లేని చేపలే. వేసిన మేతంతా ఆ గుంపుకే చాలలేదు. ఆ ఏడాది నాకు కళ్ళనీళ్ళే మిగిలాయి.

ఇంకొకటి. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. తోక సగం చారలు, సగం ఖాళీగా ఉంటే అది కలిసిన రకమై ఉండొచ్చు. పంతానికి పోయి పేరు పెట్టకు, అలాంటివాటిని విత్తనానికి ఉంచకు.

ఈసారి చేపని పక్కవాటంగా తడిగుడ్డ మీద పడుకోబెట్టి, రెక్కలు విప్పి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయి. తోక ఫోటో విడిగా పంపు, ముళ్ళ లెక్క కింద రాయి. ఎదురుచూస్తుంటాను.

మీ పెదనాన్న