రెండు డోసులూ పూర్తయ్యాయి, లాక్‌డౌన్ ఎత్తేశారు. ఇక మాస్కు తీసేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 63. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. కోవిషీల్డ్ మొదటి డోసు మార్చి చివర్లో, రెండోది జూన్ చివర్లో వేయించుకున్నాను. మా ఆవిడకు 57 ఏళ్లు. జూన్ రెండో వారంలో కోవాగ్జిన్ ఒక డోసు వేయించుకుంది కానీ, రెండు రోజులు జ్వరం రావడంతో రెండోదానికి వెనకాడుతోంది. మా పక్కింటాయనకు రెండు డోసులయ్యాక కూడా కరోనా వచ్చి వారం రోజులు మంచం పట్టాడు. అలాంటప్పుడు టీకా పనిచేసినట్టా, చేయనట్టా? ఇప్పుడు లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు కాబట్టి మాస్కు లేకుండా తిరగవచ్చా? శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి, మగపెళ్లివారిది విజయవాడ. ఈలోగా యాంటీబాడీ టెస్టు చేయించుకుంటే అంతా తేలిపోతుందని మా బావమరిది అంటున్నాడు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, మధిర, ఖమ్మం జిల్లా (జూలై 2021)

జవాబు: మీ సందేహమంతా పక్కింటాయన దగ్గరే పుట్టినట్టుంది కనుక ముందు ఆయన సంగతి చూద్దాం. వారం రోజులు మంచం పట్టి లేచి తిరుగుతున్నారంటే, ఆయన విషయంలో టీకా చేయవలసిన పనిని చేసి ఉండే అవకాశమే ఎక్కువ. ఈ మాట ఊరడింపు కోసం చెప్పడం లేదు. టీకా సామర్థ్యాన్ని ఎలా లెక్కిస్తారో తెలిస్తే ఇది మీకే అర్థమవుతుంది.

ఒక టీకా 78 శాతం పనిచేస్తుందని పత్రికల్లో చదివినప్పుడు, వంద మందిలో 78 మందికి ఇక భయం లేదనీ, మిగిలిన 22 మందికి జబ్బు తప్పదనీ చాలామంది అనుకుంటారు. లెక్క అలా ఉండదు. 2021 జూలై 3న భారత్ బయోటెక్ వెల్లడించిన కోవాగ్జిన్ మూడో దశ ప్రయోగాల ఫలితాలనే తీసుకోండి. దేశంలోని 25 కేంద్రాల్లో 25,798 మంది వాలంటీర్లను తీసుకుని, సగం మందికి టీకా, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో వేయించుకున్నవారికీ తెలియదు, వేసినవారికీ తెలియదు. రెండో డోసు తర్వాత రెండు వారాలు గడిచాక లక్షణాలతో కోవిడ్ నిర్ధారణ అయినవారు 130 మంది కాగా, వారిలో 106 మంది ఉత్తుత్తి ఇంజెక్షన్ పడినవారు, 24 మంది టీకా పడినవారు. అటు 106 మందికి వస్తే ఇటు 24 మందికే వచ్చింది కాబట్టి, దాన్ని 77.8 శాతం సామర్థ్యం అన్నారు. ఆ 24 మంది ఇరుగుపొరుగు వారు కూడా మీలాగే ‘టీకా వేసుకున్నా వచ్చిందే’ అని అనుకునే ఉంటారు. అసలు చూడవలసిన అంకె దాని పక్కనే ఉంది. తీవ్రంగా జబ్బు పడినవారు మొత్తం 16 మంది ఉంటే, వారిలో టీకా వేసుకున్నవారు ఒక్కరే. ఈ ఫలితాలను బయటి నిపుణులు పరిశీలించి వైద్య పత్రికలో ప్రచురించడం 2021 జూలై నాటికి ఇంకా మిగిలి ఉంది కనుక దశాంశ స్థానాలను పట్టుకుని వాదించుకోనవసరం లేదు కానీ, అవి చూపుతున్న దిశ మాత్రం స్పష్టంగానే ఉంది.

మీరు వేయించుకున్న కోవిషీల్డ్ విషయంలోనూ దిశ అదే. ఇక్కడ రెండో వేవ్‌ను నడిపించిన డెల్టా రకం మీద ఇదే టీకా ఎలా పనిచేస్తోందో బ్రిటన్‌లోని పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ లెక్కగట్టింది. లక్షణాలతో వచ్చే జబ్బును ఒక్క డోసు 33 శాతం మాత్రమే అడ్డుకోగా, రెండు డోసులు 60 శాతం అడ్డుకున్నాయి. ఆసుపత్రిలో చేరవలసిన పరిస్థితిని చూస్తే ఒక్క డోసు 71 శాతం, రెండు డోసులు 92 శాతం తప్పించాయి. జలుబూ జ్వరాల దగ్గర అరకొరగా కనిపించే టీకా, ఆక్సిజన్ పడక దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నిలబడుతోంది. మీకు రెండు డోసుల మధ్య 12 వారాల వ్యవధి రావడం కూడా మేలే చేసింది. ఈ టీకా ప్రయోగాల్లో ఆరు వారాలకంటే ముందే రెండో డోసు పడినవారిలో సామర్థ్యం 55.1 శాతం ఉండగా, 12 వారాలు లేదా అంతకు మించి ఆగినవారిలో 81.3 శాతం ఉంది.

‘ఇప్పుడు జబ్బు పడుతున్నవాళ్లలో ఎక్కువమంది టీకా వేసుకున్నవాళ్లే’ అన్న మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. అది నిజమైనా కంగారు పడనక్కర్లేదు. మాటవరసకు ఒక ఊళ్లో వెయ్యి మంది పెద్దవాళ్లున్నారనీ, వారిలో 900 మందికి రెండు డోసులూ అయ్యాయనీ, వంద మంది అసలు టీకా జోలికే పోలేదనీ అనుకుందాం. టీకా లేనివారిలో నూటికి ఇరవై మందికి జబ్బు వస్తే, అక్కడ కేసులు 20. టీకా 60 శాతం కాపాడితే, వేసుకున్నవారిలో నూటికి ఎనిమిది మందికి వస్తుంది, అంటే 900 మందిలో 72 కేసులు. ఊరంతా 72ను చూస్తుందే తప్ప, ఆ 900 మందీ టీకా వేసుకోకపోయి ఉంటే 180 మంది పడిపోయేవారన్న లెక్క ఎవరికీ కనిపించదు. జబ్బు రాకుండా పోయిన మనిషి నా దగ్గరికి వచ్చి ‘డాక్టరుగారూ, నాకు రాలేదు’ అని చెప్పడు కదా.

ఇక లాక్‌డౌన్ సంగతి. దాన్ని ఎత్తేయడం వెనుక ఉన్న లెక్క ఊరి మొత్తానికి సంబంధించినది. ఎన్ని కేసులు వస్తున్నాయి, పరీక్షల్లో నూటికి ఎందరికి పాజిటివ్ తేలుతోంది, ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయి, కూలినాలి చేసుకునేవారికి ఇంకెన్నాళ్లు పని లేకుండా గడుస్తుంది అన్నవి ప్రభుత్వం చూసుకుంది. 63 ఏళ్ల వయసు, పన్నెండేళ్ల షుగర్ ఉన్న మీకు ప్రమాదం ఎంత అన్నది ఆ లెక్కలో లేదు. గత వారం ఒక పెద్దాయన టీకా సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి, చొక్కా జేబులో పెట్టుకుని మా ఓపీకి వచ్చారు. కుర్చీలో కూర్చోగానే మాస్కును గడ్డం కిందికి లాగి, సర్టిఫికెట్‌ను బల్ల మీద పెట్టి, ‘రెండూ అయిపోయాయండీ, లాక్‌డౌన్ కూడా లేదు’ అన్నారు. బయట వరండాలో దగ్గుతూ కూర్చున్నవారు పదిమందికి పైగా ఉన్నారు.

తెలంగాణలో సడలింపు ఎలా సాగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మే 12న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఉదయం 6 నుంచి 10 గంటల వరకే వెసులుబాటు ఉండేది. మే 31 నుంచి దాన్ని మధ్యాహ్నం 1 వరకు, జూన్ 10 నుంచి సాయంత్రం 5 వరకు పెంచుతూ వచ్చి, జూన్ 20 నుంచి పూర్తిగా ఎత్తేశారు. జూన్ 10న రాష్ట్రమంతటికీ సాయంత్రం వరకు సడలింపు ఇచ్చినప్పుడు కూడా కేసులు తగ్గలేదన్న కారణంతో సత్తుపల్లి, నల్గొండ, మిర్యాలగూడ వంటి కొన్ని నియోజకవర్గాలను పాత సమయాల్లోనే ఉంచారు. వాటిలో మీ మధిర కూడా ఉంది. మీకిది విసుగ్గా అనిపించి ఉండవచ్చు కానీ, వైద్యుడిగా నాకు మాత్రం ఆ వరుసలో సబబైన నిర్ణయంగా తోచింది అదే.

ఇలా అంచెలంచెలుగా ఎందుకంటే, ఇవాళ్టి సడలింపు ఫలితం ఇవాళ కనిపించదు. వైరస్ సోకిన మనిషికి లక్షణాలు బయటపడటానికి సాధారణంగా నాలుగైదు రోజులు, ఒక్కోసారి 14 రోజుల దాకా పడుతుంది. ఆ తర్వాత ఆయాసం వచ్చేవారికి మరో వారం. కాబట్టి ఈ రోజు ఆసుపత్రిలో కనిపించే పడకల సంఖ్య రెండు మూడు వారాల కిందటి మన నడవడికను చెబుతుంది. ఒక అడుగు వేశాక అన్నాళ్లు ఆగి చూడకుండా రెండో అడుగు వేస్తే, ఏది కొంప ముంచిందో కూడా తెలియదు. టీకాలు వేయడంలో అందరికంటే ముందున్న ఇజ్రాయెల్, జూన్ 15న గదుల లోపల మాస్కు నిబంధనను తీసేసి, పది రోజులు తిరిగేసరికే, 25న మళ్లీ పెట్టవలసి వచ్చింది. ఇంగ్లండ్ జూన్ 21న ఎత్తేయదలచిన మిగిలిన ఆంక్షలను నాలుగు వారాలు వెనక్కి జరిపి, ఆ వ్యవధిలో మరింతమందికి రెండో డోసు వేసి, జూలై 19న ఎత్తేసింది. మన దగ్గర భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2021 జూలైలో వెల్లడించిన నాలుగో సర్వే ప్రకారం ఆరేళ్లు దాటిన జనాభాలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారు చేసుకునే ప్రోటీన్లు, ఉన్నాయి. ఇది మంచి కబురే అయినా, మిగిలిన మూడో వంతు మంది ఎవరన్నది మొహం చూసి చెప్పలేం.

కాబట్టి మీ సొంత సడలింపును కూడా అలాగే చేసుకోండి. రెండో డోసు తర్వాత రెండు వారాలు దాటాయి కనుక పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నడవడానికి, పెరట్లో కూర్చుని టీకా పూర్తయిన ఒకరిద్దరు మిత్రులతో మాట్లాడుకోవడానికి మాస్కు లేకపోయినా పెద్దగా ప్రమాదం లేదు. బస్సు, బ్యాంకు, కూరగాయల మార్కెట్, ఆసుపత్రి, గుడిలో క్యూ, ఇలా గాలి ఆడని చోటా జనం ఒరుసుకునే చోటా మాస్కు ముక్కు మీద ఉండవలసిందే. లాక్‌డౌన్ తీసేసినా మాస్కు లేకపోతే 1,000 రూపాయల జరిమానా నిబంధన 2021 జూలై నాటికి అలాగే ఉందన్న సంగతి కూడా మరచిపోకండి. కొత్తగా ఒక పని మొదలుపెట్టినప్పుడు రెండు వారాలు ఆగి, మీ చుట్టుపక్కల కేసులు ఎలా ఉన్నాయో చూసి, తర్వాతి దానికి వెళ్లండి.

మీ శ్రీమతి విషయం వీటన్నిటికంటే తొందరైనది. కోవాగ్జిన్ రెండో డోసు నాలుగు నుంచి ఆరు వారాల లోపు పడాలి, ఆవిడకు ఆ గడువు ఈ వారంతో ముగిసిపోతోంది. ఒకటి రెండు రోజుల జ్వరం, ఒళ్లునొప్పులు టీకాకు శరీరం స్పందించిన తీరే తప్ప రెండో డోసు మానడానికి కారణం కావు, మళ్లీ జ్వరం వస్తే పారాసిటమాల్ మాత్ర సరిపోతుంది. మొదటి డోసు పడిన వెంటనే ఒళ్లంతా దద్దుర్లు రావడం, ముఖం వాయడం, ఊపిరి అందకపోవడం వంటి తీవ్రమైన అలర్జీ ఏమైనా జరిగి ఉంటేనే ముందు వైద్యుణ్ణి కలవాలి. రెండోది కూడా కోవాగ్జినే వేయించండి. నాలుగు రోజులు ఆలస్యమైనా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఈ వారంలో వేయిస్తే, ఆగస్టు 9న శ్రావణం ప్రవేశించేనాటికి ఆవిడకు రెండు వారాలూ నిండుతాయి.

యాంటీబాడీ టెస్టుకు డబ్బు తగలేయవద్దని నా సలహా. ఒక్కో ల్యాబు ఒక్కో కొలమానంలో అంకె ఇస్తుంది, ఎంత ఉంటే రక్షణ ఉన్నట్టో ఇంకా ఎవరూ తేల్చలేదు. పైగా కొన్ని టెస్టులు వైరస్ పైనున్న ముల్లు ప్రోటీన్‌కు వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలను వెదుకుతాయి, కొన్ని లోపలి ప్రోటీన్‌కు పుట్టినవాటిని వెదుకుతాయి. కోవిషీల్డ్ ఈ ముల్లు ప్రోటీన్‌ను మాత్రమే శరీరానికి పరిచయం చేస్తుంది కనుక, రెండో రకం టెస్టు చేయించుకుంటే టీకా చక్కగా పనిచేసినా రిపోర్టులో నెగెటివ్ అని వచ్చి మీకు నిద్ర పట్టకుండా చేస్తుంది. ఎక్కువ అంకె వచ్చినవారు మాస్కు తీసేస్తున్నారు, అది ఇంకో ఇబ్బంది. ఆ డబ్బుతో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. షుగర్ అదుపు తప్పి ఉన్నవారిలో కోవిడ్ ముదిరే ప్రమాదం ఎక్కువ, పెళ్లి పనుల హడావిడిలో మాత్రలు మానేసి స్వీట్లు రుచి చూసే పెద్దమనుషులను నేను ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను.

పెళ్లి మానుకోమని ఎవరూ చెప్పరు. కానీ తలుపులు మూసిన ఏసీ ఫంక్షన్ హాలు కంటే, గాలి ఆడే షామియానా వెయ్యి రెట్లు నయం. హాలు ఇప్పటికే మాట్లాడి ఉంటే ఏసీ ఆపించి, కిటికీలన్నీ తెరిపించి, ఫ్యాన్లు వేయించండి. తలంబ్రాల వేళ మండపం చుట్టూ మూగే జనం గురించి అందరూ జాగ్రత్తలు చెబుతారు కానీ, అసలు గండం భోజనాల దగ్గరే. అక్కడ ప్రతి ఒక్కరూ మాస్కు తీస్తారు, పక్కవారితో గట్టిగా మాట్లాడతారు, బంతి లేచేదాకా కదలరు. బంతికి కూర్చునేవారి సంఖ్య తగ్గించి, కుర్చీల మధ్య ఎడం పెంచి, మీలాంటి పెద్దవారికి గది ఖాళీగా ఉన్నప్పుడే మొదటి బంతిలో వడ్డించండి. వంటవారు, వడ్డించేవారు, సన్నాయి మేళం, పురోహితులు, ఫొటోగ్రాఫర్లు ఎన్నో పెళ్లిళ్లు తిరిగి వస్తారు కనుక వారు టీకా వేసుకున్నారో లేదో బయానా ఇచ్చేటప్పుడే అడగడంలో తప్పేమీ లేదు. పిల్లలకు మన దేశంలో 2021 జూలై నాటికి ఇంకా టీకా రాలేదని గుర్తుంచుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జూలై నాటికి రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు కర్ఫ్యూ ఉంది, రాత్రి ముహూర్తమైతే వియ్యాలవారి తిరుగు ప్రయాణం సంగతి ముందే మాట్లాడుకోండి.

పెళ్లయ్యాక రెండు వారాల పాటు ఇంట్లో ఎవరికి జలుబు, తలనొప్పి, గొంతునొప్పి, ఒళ్లు వెచ్చబడటం కనిపించినా, వానాకాలపు జలుబేనని సరిపెట్టుకోకుండా, టీకా వేసుకున్నాం కదా అని తోసిపుచ్చకుండా, వేరే గదిలో ఉండి ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చేయించుకోండి. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని వేలి మీద నుంచే చూపే పల్స్ ఆక్సీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకుని, జబ్బు తేలినవారికి రోజుకు మూడు నాలుగు సార్లు చూడండి. వేలికి గోరింటాకో గోళ్ల రంగో ఉంటే అంకె తప్పు చూపవచ్చు, పెళ్లింట్లో ఇది మామూలే కాబట్టి రంగు లేని వేలికి పెట్టి చూడండి. 94 కంటే తగ్గినా, ఆరు నిమిషాలు నడిచాక మూడు నాలుగు అంకెలు పడిపోయినా, ఆ రాత్రికి ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి.